ఫూఫా బాజాలో అసల్ ఎంత, మరమ్మతు ఎంత?

పాత బాజా అమ్మబోతే గాహక్ అడిగే మొదటి సవాల్ ఒకటే: "అంతా అసలేనా?" జవాబు మాత్రం అంత ఆసాన్ కాదు.

మా ఫూఫా మెదక్ చుట్టుపక్కల దర్గాల్లో, ఉర్సుల్లో ముప్పయ్యేళ్లు కవ్వాలీ పాడిన మనిషి. ఆయన ఇంతెఖాల్ తర్వాత హార్మోనియం పెట్టె అటకెక్కింది. ఈ ఏడు వానలకు ఇంటి కప్పు కారుతుంటే, దాన్ని అమ్ముదామని ఫుప్పమ్మ నిర్ణయించింది. హైదరాబాద్ నుంచి ఒక షౌఖీన్ వచ్చి చూశాడు. కలకత్తా పెట్టె, జర్మన్ రీడ్లు, అన్నీ అసల్ అయితే ఒక కీమత్, మార్పులుంటే సగం అన్నాడు.

ఆయనది గిటార్ల లోకం. 1958లో వచ్చిన గిబ్సన్ ఈఎస్-335 లాంటి సెమీ హాలో గిటార్ చేతికొస్తే లోపలి వైర్ల టంకం ఎవరైనా కదిలించారా, తీగలు బిగించే మరలు మార్చిన పాత రంధ్రాలున్నాయా, వాల్యూమ్ పాట్ మీది అంకెలు ఏ ఏడాది ఏ వారం అంటున్నాయి, ఇవన్నీ చూస్తారట. బాజాకీ అలాంటి తనిఖీయే కావాలన్నాడు. ఫూఫా పక్కన కూచొని మరమ్మతు నేర్చుకున్నది నేనే గనక ఆ పని నా మీద పడింది.

మొదట స్క్రూలు చూశాను. పాత పెట్టెల్లో తల మీద ఒకే గీత ఉన్న స్క్రూలుంటాయి. ప్లస్ గుర్తు స్క్రూ కనిపించిందంటే అక్కడ తర్వాతెప్పుడో ఇంకొకరి చెయ్యి పడ్డట్టే. ఆ తర్వాత జిగురు. పాత కారీగర్లు వాడిన సరేసు ఎండితే గోధుమ రంగులో గాజులా పెళుసవుతుంది. ఫెవికాల్ వచ్చింది 1959లో. అది ప్లాస్టిక్ పొరలా లేస్తుంది. మా పెట్టె మూలలన్నీ సరేసే, అంటే టేకు డబ్బా అసల్. తిత్తికి మాత్రం ఫెవికాల్, కొత్త తోలు. తిత్తి మారడం ఐబు కాదు, సైకిల్‌కి టైరు మార్చినట్టే.

అసలు కథ రీడ్లది. 42 మెట్లు, రెండు వరసలు, మొత్తం 84. ఒక్కొక్కటి విప్పి తెల్లగుడ్డ మీద పరిచాను. 73 ఒకే ఖాన్‌దాన్: రంగు ముదిరిన ఇత్తడి, ఒకే అచ్చు అక్షరాలు, నున్నటి అంచులు. మిగిలిన 11 వేరు. అక్షరం లేదు, అంచు గరుకు. గుజరాత్‌లోని పాలీతాణా మాల్ అని ఫూఫా చెప్పేవాడు. రీడు కొస దగ్గర ఆకురాయి పెడితే స్వరం పెరుగుతుంది, మొదట్లో పెడితే తగ్గుతుంది. ఆ గీతలు మెరుస్తుంటే కొత్తవి, నల్లబడితే పాతవి.

ఫూఫా 'కాలీ దో'ని సా చేసుకొని పాడేవాడు. ఆ చుట్టుపక్కల మెట్లే వేళ్ల రాపిడికి గుంటపడ్డాయి. 11 కొత్త రీడ్లలో 9 సరిగ్గా ఆ మెట్ల కిందే ఉన్నాయి. ఎక్కువ పాడిన చోటే రీడు విరిగింది, విరిగిన చోటే మారింది. గాహక్ దాన్ని దాగ్ అనొచ్చు. నాకది ఆయన హాజరీ పట్టీ.

నిజానికి బాజా పుట్టుకే ఒక మార్పు. 1840లలో పారిస్‌లో అలెగ్జాండర్ దెబైన్ చేసింది కాళ్లతో తొక్కే వాద్యం. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దాన్ని నేల మీద కూచొని చేత్తో తిత్తి ఊపేలా మార్చాడు. మన సంగీతానికి సరిపడదని రేడియో 1940 నుంచి 1971 దాకా దాన్ని దూరం పెట్టింది. కవ్వాలీ మెహ్ఫిల్ మాత్రం వదల్లేదు.

చివరికి ముందు పలక మీద కలకత్తా కంపెనీ పేరున్న ఇత్తడి బిళ్ల. విప్పితే కింద అంతకంటే పెద్ద లేతరంగు చదరం, మైనంతో పూడ్చిన నాలుగు రంధ్రాలు. అంటే ముందు ఇక్కడ ఇంకో పేరుండేది. ఫూఫా జుమ్మెరాత్ బజార్‌లో కొన్ననాటికే ఈ బిళ్ల ఉంది. మన మెదక్ కూడా ఒకప్పుడు గుల్షనాబాదే. ఊరి పేరు మారితే ఎవరికీ నుఖ్సాన్ లేదు. ఈ బిళ్ల సంగతి వేరు. ఇది ఎవరో కీమత్ పెంచడానికి తొడిగిన నఖాబ్.

అందుకే అసల్, నకల్ అని రెండు ఖానాలు చాలవు. పుట్టుకతో వచ్చింది ఒకటి, అరిగితే మార్చింది ఒకటి, ధోకాకి తగిలించింది ఒకటి. నా కాగితం మీద మూడు గీతలు గీశాను.

"బిళ్ల సంగతి రాయకు భాయ్, ఎవరు విప్పి చూస్తరు?" అన్నాడు ఫుప్పమ్మ కొడుకు.

ఫుప్పమ్మ ఒప్పుకోలేదు. "ఉన్నది ఉన్నట్టు రాయి బేటా. ఐబు దాచి తెచ్చిన పైసలతోని కప్పు ఏస్తే, దాని కింద నాకు నీంద్ పట్టదు."

గాహక్ కాగితమంతా చదివాడు. అరిగిన మెట్లు, మారిన రీడ్లు పక్కపక్కన చూపిస్తే రీడ్లకు పెద్దగా కోత పెట్టలేదు. బిళ్లకు మాత్రం పెట్టాడు. అనుకున్నదాంట్లో సగం కంటే కొంచెం ఎక్కువ ఇచ్చి, కాగితాన్ని పెట్టె మూత లోపల అంటించుకొని తీసుకెళ్లాడు. ఆ పైసలతో వెనక గది కప్పు పడింది. ముందు గదికి ఇంకా తార్పాలినే.

మీ ఇంట్లో అబ్బాదో దాదాదో బాజా ఉంటే ఒక్క గుజారిష్. మరమ్మతు చేయించండి, మోగని బాజా ఎవరికీ ఫాయిదా లేదు. కానీ తీసేసిన పాత రీడ్లు పారేయకండి. చిన్న గుడ్డలో కట్టి, ఏ మెట్టు కిందిది, ఏ తారీఖున మార్చారు అని చీటీ రాసి పెట్టెలోనే ఉంచండి. మెరుపు కోసం గరుకు కాగితం పెట్టి పాత పాలిష్ గీకించకండి. పాత బిళ్ల ఊడితే దాన్నే దాచండి, దాని చోట ఇంకోటి కొట్టకండి.