వీసా అడగని దేశానికి దారి

అండోరాకి వీసా అక్కర్లేదు. పోలాండ్ వాళ్లకే కాదు, మనకీ అక్కర్లేదు. మూడు నెలల్లోపు చూసి వెళ్లిపోయే టూరిస్టుల్ని ఆ దేశం అసలు వీసా అడగదు. ఇంత మంచి దేశం ఎక్కడుందా అని మ్యాప్ తెరిస్తే అప్పుడు తెలుస్తుంది అసలు సంగతి. ఫ్రాన్స్‌కీ స్పెయిన్‌కీ మధ్య, పిరనీస్ కొండల్లో ఇరుక్కుని ఉంటుంది. 468 చదరపు కిలోమీటర్లు, ఎనభై వేల పైచిలుకు జనం. విమానాశ్రయం లేదు, రైలు లేదు, సముద్రం లేదు. వస్తే ఫ్రాన్స్ మీదుగా రావాలి, లేదా స్పెయిన్ మీదుగా. తలుపు బార్లా తీసే ఉంది గానీ, ఆ ఇంటికి దారి పక్కింటివాళ్ల వాకిట్లోంచే.

ఇంకో తమాషా. 1278లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఈ దేశానికి ఇద్దరు ఏలికలు. ఒకరు స్పెయిన్ వైపున్న ఉర్జెల్ బిషప్. రెండోవారు ఇప్పుడు ఫ్రాన్స్ అధ్యక్షుడు. రాజుల్ని వదిలించుకున్న ఫ్రాన్స్‌లో ఓట్లేసి గెలిచిన మనిషి, పక్క దేశానికి రాజు హోదాలో ఉంటాడన్నమాట! యూరోపియన్ యూనియన్‌లో అండోరా లేదు, కానీ అక్కడ నడిచేది యూరో. యూనియన్‌లో ఉన్న మా పోలాండ్‌లో మాత్రం ఇంకా జ్లోటీలే. యూరప్ అంటే అంతా ఒకటే అనుకుని వచ్చిన నాకు ఇవన్నీ అర్థమవడానికి చాలా టైమ్ పట్టింది.

2024 ఫిబ్రవరి. పోలాండ్‌లో ఉద్యోగంలో చేరి అప్పటికి నాకు మూడేళ్లు. మా టీమ్‌లో ఒక పోలిష్ అమ్మాయి ఉంది. చలికాలం వస్తే చాలు, వాళ్లింట్లో అందరి కాళ్లూ మంచు వైపే లాగుతాయి. "ఈసారి అండోరా వెళ్దాం, నువ్వూ మీ రూమ్మేటూ కూడా రండి" అంది. తను, వాళ్లాయన, నాలుగేళ్ల పాప, వాళ్లమ్మ, మేమిద్దరం. బార్సిలోనా దాకా ఫ్లైట్, అక్కణ్నుంచి ఏడు సీట్ల కారు. సరదాగా మొదలైన ఆ ప్లాన్‌లో, ఒకే టేబుల్ చుట్టూ కూర్చున్న ఆరుగురికీ రూల్స్ ఒకటి కావని మెల్లగా తెలిసొచ్చింది.

ముందు వాళ్ల సంగతి. పోలాండ్ పౌరులకి అండోరా వెళ్లడానికి పాస్‌పోర్ట్ కూడా అవసరం లేదు. వాళ్ల జాతీయ గుర్తింపు కార్డు, అంటే మన ఆధార్ లాంటి ప్లాస్టిక్ ముక్క, చాలు. కాకపోతే గడువు తీరకుండా ఉండాలి. పిల్లలకీ ఎవరి కార్డు వాళ్లకే. పన్నెండేళ్లలోపు పిల్లల కార్డు ఐదేళ్లు పనిచేస్తుంది. పాప కార్డు చూసి నవ్వాగలేదు నాకు. నాలుగు నెలల వయసులో తీసిన ఫొటో, జుట్టు లేదు, సగం నిద్రలో ఉంది. ఆ కార్డుతో ఈ అల్లరి పిల్ల దేశాలు దాటేస్తుంది!

వాళ్లాయన దగ్గర ఒక చిక్కుంది. ఆయన పర్సు వాడడం మానేసి చాలా కాలమైంది. పోలాండ్‌లో ప్రభుత్వ యాప్ ఒకటుంది, ఎంఒబివాటెల్ అని. గుర్తింపు కార్డు అందులోనే ఉంటుంది. దేశంలో దాదాపు ఎక్కడైనా ఫోన్ చూపిస్తే పనైపోతుంది. "నాది ఫోన్‌లోనే ఉందిగా" అన్నాడు ధీమాగా. దేశం దాటడానికి ఆ యాప్ చెల్లదు, అసలు కార్డు చేతిలో ఉండాల్సిందే. ఇక ఇల్లంతా వెతుకులాట. ఈలోగా "పోయిందని రిపోర్ట్ చేసేస్తా" అని ఫోన్ తీశాడు. భార్య చెయ్యి పట్టుకుని ఆపింది. ఒకసారి పోయిందని చెప్పాక ఆ కార్డు రద్దయిపోతుంది, మర్నాడు సోఫా కింద దొరికినా పనికిరాదు. చివరికి దొరికింది, పాత జాకెట్ జేబులో.

ఇన్సూరెన్స్ విషయం కూడా ఉంది. యూనియన్ దేశాల్లో పనికొచ్చే వాళ్ల హెల్త్ కార్డు అండోరాలో పనిచేయదు. మంచు మీద జారి కాలు విరిగితే బిల్లు మొత్తం మీదే. అందుకే స్కీయింగ్‌కి వెళ్లే పోలిష్ వాళ్లు విడిగా పాలసీ తీసుకుంటారు. మేమూ తీసుకున్నాం. ఇక ఫోన్ గురించి, ఇది మీరు కచ్చితంగా గుర్తుపెట్టుకోండి. యూనియన్ దేశాల్లో ఇంట్లో ఉన్నట్టే వాడుకునే రోమింగ్ అండోరా బోర్డర్ దగ్గర ఆగిపోతుంది. ఆ తర్వాత రీల్స్ చూసుకుంటూ కూర్చుంటే బిల్లు చూసి కళ్లు తిరుగుతాయి. కొండ ఎక్కేలోపే డేటా ఆపేసి, హోటల్ వైఫై వచ్చేదాకా ఓపిక పట్టడం మంచిది.

వాళ్లమ్మ మాత్రం కార్డుతో సరిపెట్టుకోలేదు, పాస్‌పోర్ట్ కూడా తెచ్చుకుంది. "అవసరం లేదమ్మా" అని కూతురు ఎంత చెప్పినా వినలేదు. ఆవిడ చిన్నప్పుడు, కమ్యూనిస్టు పాలన రోజుల్లో, పాస్‌పోర్ట్ ఇంట్లో ఉండేది కాదట. మిలీషియా ఆఫీసులో ఉండేది. ప్రయాణానికి పర్మిషన్ వస్తే ఇచ్చేవాళ్లు, తిరిగొచ్చాక మళ్లీ అప్పగించాలి. పోలాండ్ 2004 మే 1న యూనియన్‌లో చేరింది, 2007 డిసెంబర్ 21న షెంగెన్‌లోకి వచ్చింది. మా ఫ్రెండ్‌కి ఈ స్వేచ్ఛ పుట్టుకతో వచ్చినంత మామూలు. వాళ్లమ్మకి అలా కాదు. ఆ పాస్‌పోర్ట్‌ని బ్యాగులో జిప్పున్న అరలో పెట్టి, జిప్పు వేసిందో లేదో రెండుసార్లు తడిమి చూసుకుంది. వాళ్లందరిలో నాకు ఎక్కువ దగ్గరగా అనిపించింది ఆవిడే.

ఇప్పుడు మన సంగతి. అండోరా వీసా అడగదన్నాను కదా. కానీ అక్కడికి చేరాలంటే ముందు షెంగెన్‌లోకి రావాలి, అండోరా దాటగానే షెంగెన్ బయటికి పోయినట్టు లెక్క, తిరిగి రావాలంటే మళ్లీ షెంగెన్‌లోకి అడుగుపెట్టినట్టు. హైదరాబాద్ నుంచి టూరిస్టు వీసా మీద వచ్చేవాళ్లు ఇక్కడే చూసుకోవాలి. వీసా స్టిక్కర్ మీద ఎంట్రీల సంఖ్య దగ్గర 'మల్ట్' అని ఉంటే బెంగ లేదు. '01' అని ఉంటే, అండోరాలో కాలు పెట్టిన క్షణంలో ఆ వీసా అయిపోయినట్టే. వెళ్లడం సుళువే, వెనక్కి రావడానికి కాగితం ఉండదు. ఉన్నవి రెండే దారులు, రెండూ షెంగెన్‌వే.

నాకు ఆ బెంగ లేదు, పోలాండ్ రెసిడెన్స్ కార్డు ఉంది. ఇక్కడివాళ్లు కార్తా పొబితు అంటారు. ఆ కార్డూ పాస్‌పోర్టూ కలిపి చూపిస్తే మిగతా షెంగెన్ దేశాల్లో 180 రోజుల్లో 90 రోజులు తిరగొచ్చు, బయటికి వెళ్లి తిరిగి రావచ్చు. టేబుల్ మీద మా ఫ్రెండ్ గుర్తింపు కార్డు పక్కన నా కార్డు పెట్టి చూశాం. సైజు ఒకటే. తనది పదేళ్లకోసారి మార్చుకునే మామూలు వస్తువు. నాది ఉద్యోగం మారినా ఆలోచించాల్సిన వస్తువు.

అక్క దగ్గర ఆ కార్డు కూడా లేదు. అక్క అంటే నా రూమ్మేట్. ఖమ్మం. పోలాండ్‌లోనే ఎంఎస్ చేసి ఉద్యోగంలో చేరింది. పాత కార్డు గడువు తీరకముందే కొత్తదానికి అప్లై చేసింది, పాస్‌పోర్ట్‌లో ముద్ర వేయించుకుంది. ఆ ముద్రకి అర్థం ఒక్కటే, నిర్ణయం వచ్చేదాకా పోలాండ్‌లో ఉండొచ్చు, చట్టప్రకారం తప్పు లేదు. కానీ దాంతో పక్క దేశాలు తిరగడానికి లేదు. ఇండియాకి వెళ్లొచ్చు గానీ తిరిగి రావాలంటే కొత్త వీసా తెచ్చుకోవాలి. అప్లై చేసి అప్పటికే ఆరు నెలలు దాటింది.

మా ఫ్రెండ్‌కి ఇది ఎంతకీ అర్థం కాలేదు. "నువ్వు ఇక్కడ లీగల్‌గానే ఉన్నావుగా? బార్సిలోనా ఫ్లైట్‌కి పాస్‌పోర్ట్ కంట్రోల్ కూడా ఉండదు. అండోరా వీసా అడగదు. ఎవరు చూస్తారు?" అంది. మనసులో చెడు ఏమీ లేదు తనకి, నిజంగా రమ్మనే అంటోంది.

అక్క నవ్వింది. "ఎవరూ చూడకపోతే సరే. ఒక్కళ్లు చూస్తే?" అంది.

ఆ రాత్రి ఇంటికొచ్చాక వంటింట్లో అన్నం కలుపుకుంటూ నాతో అన్న మాట వేరు. "తమ్ముడి పెళ్లికే వెళ్లనిదాన్ని. ఇప్పుడు మంచు చూడ్డానికి వెళ్తానా చెప్పు."

ఆ నెలలోనే వాళ్ల తమ్ముడి పెళ్లయింది. మాఘమాసం ముహూర్తం, తెల్లవారుజామున. మాకు ఇక్కడ అర్ధరాత్రి. వాట్సాప్‌లో ఎవరో పిన్ని కొడుకు ఫోన్ పట్టుకున్నాడు. సన్నాయి వినిపిస్తుంటే మనుషులు కనిపించరు, మనుషులు కనిపిస్తే గొంతు ఆగిపోతుంది. తలంబ్రాల టైమ్‌కి ఎవరో అడ్డంగా నిలబడ్డారు. "ఆడపడుచు కట్నం ఎవరికివ్వాలే?" అని ఎవరో అంటే అందరూ నవ్వారు, అక్క కూడా నవ్వింది. నెల ముందు వాళ్ల నాన్నగారు ఫోన్‌లో, "రెండ్రోజులకి వచ్చిపోలేవా తల్లీ?" అని అడిగారు. వచ్చేయగలను నాన్నా, పోవడమే కుదరదు, అని చెప్పింది. ఆయనకి ఏం అర్థమైందో తెలీదు. "సరేలే, ఉద్యోగం జాగ్రత్త" అన్నారు. బంధువులకి మాత్రం కూతురికి సెలవు దొరకలేదని చెప్పుకున్నారట. కార్డు, ముద్ర, కొత్త వీసా అంటూ పెళ్లింట్లో ఎవరికి చెప్తారు పాపం.

అక్క లేకుండానే వెళ్లాం. బార్సిలోనా నుంచి ఉత్తరానికి, ఐదు కిలోమీటర్ల కాడి సొరంగం దాటి, లా సెయు దుర్జెల్ అనే ఊరి మీదుగా. అక్కణ్నుంచి పది కిలోమీటర్లలో బోర్డర్. లోపలికి వెళ్లేటప్పుడు కారు ఆపనే లేదు. పాస్‌పోర్ట్‌లో మామూలుగా ముద్ర కూడా వేయరు. రాజధాని అండోరా లా వెల్లా వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంటుంది, వీధంతా షాపులే. అమ్మకం పన్ను నాలుగున్నర శాతం, పోలాండ్‌లో ఇరవై మూడు. ఇక చెప్పాలా! వాళ్లమ్మ కూడా పాస్‌పోర్ట్ సంగతి మర్చిపోయి సెంట్లు వాసన చూస్తూ తిరిగింది. మంచు మీద నేను నిలబడిన టైమ్ కంటే పడిపోయిన టైమ్ ఎక్కువ. నాలుగేళ్ల పాప నన్ను దాటుకుంటూ సర్రుమని వెళ్లి, వెనక్కి తిరిగి చెయ్యి ఊపేది.

తిరుగు ప్రయాణం ఆదివారం. బోర్డర్ దగ్గర కార్లు బారులు తీరాయి. చవక సిగరెట్లు, మందు దాటించేవాళ్ల కోసం స్పెయిన్ వైపు డిక్కీలు తెరిపిస్తారు. మనిషికి మూడొందల సిగరెట్లు, ఘాటు మందైతే లీటరున్నర వరకే. మా డిక్కీలో అంత సరుకేం లేదు. ఆఫీసర్ కార్డులు అడిగాడు. వాళ్లవి నలుగురివీ పేకముక్కల్లా చూసి ఇచ్చేశాడు. పాప ఫొటో చూసి నవ్వాడు కూడా. నా పాస్‌పోర్టూ కార్డూ తీసుకుని లోపలికి వెళ్లాడు.

నాలుగు నిమిషాలు. డాష్‌బోర్డ్ గడియారం చూస్తూ కూర్చున్నాను కాబట్టి కచ్చితంగా చెప్పగలను. నా కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయని నాకు తెలుసు. అయినా నోరెండిపోయింది. వెనక సీట్లో ఒక చోటు ఖాళీగా ఉంది, కోట్లు పడేసి. అక్క వచ్చి ఉంటే ఆ పాస్‌పోర్ట్ కూడా ఇప్పుడు లోపలికి వెళ్లేది. మా ఫ్రెండ్ కూడా అదే చూస్తోంది, ఆ కోట్ల వైపు. ఏమీ అనలేదు. ఆఫీసర్ వచ్చి, "పోలాండ్‌లో ఉద్యోగమా?" అని మర్యాదగానే అడిగి, ఇచ్చేసి, చెయ్యి ఊపాడు. కారు కదిలాక వాళ్లమ్మ వెనక నుంచి నా భుజం మీద చెయ్యి వేసింది. ఆవిడకి ఇంగ్లిష్ రాదు.

అక్క కార్డు మే నెలలో వచ్చింది. ఆ సాయంత్రమే హైదరాబాద్‌కి టికెట్ బుక్ చేసింది. వారం తర్వాత నాకు ఒక ఫొటో పంపింది. పెళ్లికని కొనిపెట్టుకున్న పట్టుచీర కట్టుకుని, తమ్ముడికీ మరదలికీ మధ్య నిలబడింది. వాళ్లిద్దరూ కూడా పెళ్లి బట్టలు మళ్లీ కట్టుకున్నారు. మిట్టమధ్యాహ్నం ఖమ్మం ఎండ, ముగ్గురి మొహాలకీ చెమటలు. వెనకాల డాబా మీద ఉతికిన దుప్పట్లు ఆరేసి ఉన్నాయి.