స్విఫ్ట్‌లో పాట కోసం చిక్కడపల్లి దాకా

తెనాలి నుంచి హైదరాబాద్ వచ్చే దారిలో సూర్యాపేట దాటేసరికి మా కారులో పాట రోడ్డు చప్పుడుకి లొంగిపోతుంది. సౌండ్ పెంచితే ఘంటసాల గొంతు పెరగదు, ఎడమ తలుపులో గరగర పెరుగుతుంది. బండి 2013 నాటి స్విఫ్ట్. ఇంజిను బంగారం, అమ్మబుద్ధి కాదు. దానికి మంచి స్టీరియో పెట్టించాలని ఎప్పట్నుంచో కోరిక. మా ఊళ్లోనూ కార్ డెకార్ షాపులున్నాయి కానీ అక్కడ అట్టపెట్టె మీద బొమ్మ చూసి కొనాలి. నాకేమో విని కొనాలని. అశోక్‌నగర్‌లో పిన్నీవాళ్లున్నారు. "నారాయణగూడలో షాపులున్నాయి, కోఠీ పక్కనే, వచ్చెయ్యవే" అంది పిన్ని. ఈ ప్రయాణంలో ఏమీ కొనకుండా, ఏం చేయించాలో తేల్చుకు రావాలని బయల్దేరాను.

ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట, చాదర్‌ఘాట్, కాచిగూడ మీదుగా నారాయణగూడ దాకా బాగానే వచ్చాను. అశోక్‌నగర్‌లో అడుగుపెట్టాక దారి తప్పింది. ఏ గల్లీ చూసినా ఒక్కలాగే ఉంది. గ్రూప్స్ కోచింగ్, ఎస్సై కోచింగ్, బ్యాంకు కోచింగ్, వాటి మధ్య హాస్టళ్లు, జిరాక్స్ షాపులు, పాత ప్రశ్నపత్రాల కట్టలు. తెనాలిలో దారి అడిగితే చెప్పేవాళ్లు ఇంటిపేరుతో సహా చెప్తారు. ఇక్కడ ఎవర్ని ఆపినా బుజాన పుస్తకాల సంచీ, "నేను గూడ కొత్తనే అక్కా, మాది నల్లగొండ" అని జవాబు. ఇంకో అమ్మాయిది మహబూబ్‌నగర్. చివరికి ఆ అమ్మాయే ఫోన్లో మ్యాపు తెరిచి మా పిన్ని ఇంటి గేటు దాకా నడిచొచ్చింది. ఊరంతా పరీక్ష రాయడానికి వచ్చిన వాళ్లే అయినా ఎంత తీరిగ్గా సాయం చేస్తారో!

సాయంత్రం మా తమ్ముడు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌కి తీసుకెళ్లాడు. వాడూ గ్రూప్స్‌కే చదువుతున్నాడు. అక్కడ నిలబడి తల పైకెత్తండి. మీరున్నది రోడ్డు మీద. నెత్తిన మెట్రో రైలు. ఆ మెట్రోకీ పైన, 2023లో తెరిచిన స్టీలు వంతెన. ఇందిరా పార్కు నుంచి వీఎస్‌టీ దాకా వెళ్లే ఆ వంతెనకి నాయిని నర్సింహారెడ్డి పేరు పెట్టారు. రైలు మీంచి కార్లు పోవడం నేనెక్కడా చూళ్లేదు. రైలు వెళ్లినప్పుడల్లా చౌరస్తా మొత్తం మీద ఒక లోతైన ఊపు కదులుతుంది. సంధ్య, దేవి, సుదర్శన్ థియేటర్ల ముందు జనం, కటౌట్లు, ఈలలు. మా ఊళ్లో కొత్త సినిమా వస్తే ఒక వీధి సందడిగా ఉంటుంది. ఇక్కడ చౌరస్తాకి చౌరస్తానే ఊగుతుంది. అక్కడి బావర్చీలో బిర్యానీ తిన్నాం. మన వైపు బిర్యానీలా కారం ముందే నాలుక పట్టుకోదు. పక్కన మిర్చీ కా సాలన్ ఇస్తారు, ఎంత కావాలో మీరే కలుపుకోవాలి. పెరుగు పచ్చడి అలవాటైన నాకు ఆ సాలన్ తెగ నచ్చింది.

మర్నాడు పొద్దున నారాయణగూడ తాజ్‌మహల్ హోటల్లో ఇడ్లీ. సాంబారు తియ్యగా ఉంది, అల్లప్పచ్చడి కోసం నా చెయ్యి వెతుక్కుంది. తింటూ ఉంటే తమ్ముడు జనరల్ నాలెడ్జ్ తీశాడు: "మోటరోలా అన్న పేరు మొదట వచ్చింది ఫోన్ల మీద కాదక్కా, కారు రేడియో మీద. 1930లో." కారులో పాట వినాలన్న కోరికకి తొంభై ఏళ్లు దాటాయన్నమాట. టీ ఇంకోటి చెప్పాం.

అక్కణ్నుంచి షాపు. పేరు చెప్పను, కానీ అక్కడి మెకానిక్‌ని మాత్రం మర్చిపోలేను. నేను లోపలికెళ్లి తొమ్మిదంగుళాల స్క్రీన్లవైపు చూస్తుంటే అతను స్క్రీన్ల జోలికే పోలేదు.

"ఏం బండక్కా?"

"స్విఫ్ట్, 2013."

"స్క్రీన్ తర్వాత సూడొచ్చు. ముందుగాల డోర్ జూద్దాం పా."

హ్యాండిల్ వెనక దాచిన స్క్రూలు విప్పి, చుట్టూ ఉన్న ప్లాస్టిక్ క్లిప్పుల్ని ఒక చదును పనిముట్టుతో టక్ టక్‌మని లేపి, తలుపు లోపలి ప్యాడ్ ఊడదీశాడు. కింద పల్చటి ప్లాస్టిక్ కాగితం. దాని వెనక రేకు, రేకులో చెయ్యి దూరేంత కంతలు. స్పీకరుది కాగితపు కోన్, అంచులో చీలిక, చుట్టూ తుప్పు. గరగర ఇల్లు అదే. అతను వేలి కణుపుతో బయటి రేకు మీద కొట్టాడు. డంమ్‌మంది. అరచేతంత సాంపిల్ ముక్క ఒకటి, ఒకవైపు అల్యూమినియం రేకు, ఇంకోవైపు నల్లటి జిగురు రబ్బరు, అక్కడ అంటించి చిన్న రోలరుతో రుద్దాడు. మళ్లీ అదే చోట కొట్టాడు. టక్. అంతే, మోత లేదు.

"సూశినవా? డబ్బా లెక్క ఉన్న డోర్‌కు ఎంత పెద్ద స్పీకర్ వెట్టినా డబ్బా లెక్కనే మోగుతది."

ఆ ఒక్క ముక్కతో నా లెక్కలన్నీ తారుమారయ్యాయి. ఇంట్లో ఆడియో సిస్టమ్‌కి స్పీకరు చుట్టూ చెక్కపెట్టె ఉంటుంది. కారులో ఆ పెట్టె తలుపే. స్పీకరు ముందుకి కొట్టే గాలీ, వెనక్కి కొట్టే గాలీ ఆ కంతల్లోంచి కలిసిపోతే బేస్ చచ్చిపోతుంది. అందుకే బయటి రేకుకీ లోపలి రేకుకీ డ్యాంపింగ్ షీటు వేసి కంతలు మూస్తారు. తలుపు అడుగున ఉండే నీటి కంతలు మాత్రం మూయకూడదు, వాన నీళ్లు పోవాలి. చివర్లో అతను అద్దం పూర్తిగా దించి, స్పీకరు చోటుకీ అద్దానికీ మధ్య ఎంత ఎడముందో కొలిచాడు. స్విఫ్ట్ ముందు తలుపుల్లో ఆరున్నర అంగుళాల స్పీకర్లు పడతాయి గానీ, అయస్కాంతం లోతు ఎక్కువైతే అద్దానికి తగులుతుంది. ఆన్‌లైన్లో చవగ్గా దొరికిందని కొనేముందు ఆ లోతు చూసుకోండి.

తర్వాత డిస్‌ప్లే బోర్డు దగ్గర విన్నాం. కోయాక్సియల్ అంటే మధ్యలోనే ట్వీటర్, అంటే సన్నటి స్వరాలు పలికే బుల్లి స్పీకరు, ఉన్నది. కాంపోనెంట్ అంటే ట్వీటర్ విడిగా, అద్దం మూల దగ్గర పైన పెట్టేది, ఏ స్వరం ఏ స్పీకరుకి పోవాలో విడదీసే క్రాసోవర్‌తో సహా. కాంపోనెంట్ పెట్టగానే పాట మోకాళ్ల దగ్గర్నుంచి లేచి డ్యాష్‌బోర్డు మీదికొచ్చి కూర్చుంది. చిన్న కారులో తలుపు స్పీకర్లు కాళ్ల దగ్గరుంటాయి కాబట్టి ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది.

వాట్ల సంగతి ఇక్కడ చెప్పి తీరాలి. మన చిన్నప్పటి టేప్ రికార్డర్ల మీద పీఎంపీఓ అని వెయ్యి వాట్లు రాసేవాళ్లు గుర్తుందా? ఇప్పుడు స్టీరియో అట్టపెట్టె మీద 50 వాట్లు, నాలుగు చానెళ్లు అని రాస్తున్నారు. ఇంజిను నడుస్తున్నప్పుడు కారులో ఉండేది దాదాపు 14 వోల్టులు. ఆ వోల్టేజీతో, విడిగా యాంప్ లేకుండా, నాలుగు ఓమ్‌ల స్పీకరుకి సౌండ్ చెడకుండా ఇవ్వగలిగేది ఎంత చేసినా 25 వాట్లు. భౌతికశాస్త్రం ఒప్పుకునేది అంతే. కాబట్టి ఆర్‌ఎంఎస్, అంటే నిలకడగా ఇచ్చే వాట్లు, ఎంతని అడగండి. ఇంకోటి, వాట్లు రెట్టింపు చేస్తే సౌండ్ పెరిగేది 3 డెసిబెల్స్. 89 డెసిబెల్స్ సెన్సిటివిటీ ఉన్న స్పీకరు బదులు 92 ఉన్నది ఎంచుకుంటే, ఒక్క వాటు పెంచకుండా అదే ఫలితం. తమ్ముడు ఇది తన నోట్సులో రాసుకున్నాడు.

మధ్యాహ్నం నారాయణగూడలో మెట్రో ఎక్కితే తర్వాతి స్టేషనే సుల్తాన్ బజార్. దిగి కోఠీ గుజరాతీ గల్లీకి నడిచాం. తెనాలిలో ఒక కెపాసిటర్ కావాలంటే రేడియో రిపేరు వాళ్లని బతిమాలాలి. ఇక్కడ గల్లీ గల్లీ అంతా అవే. యాంప్లిఫయర్ బోర్డులు, స్పీకర్ కోన్లు, వైర్ల చుట్టలు గుమ్మాల్లోంచి రోడ్డు మీదికి పొర్లుతున్నాయి. సగం హిందీ సగం తెలుగులో బేరం. వైర్లమ్మే పెద్దాయన ఒకాయన అడక్కుండానే పాఠం చెప్పాడు. రెండు వైర్లు తీసుకుని చివర్లు ఒలిచాడు. రెండూ రాగి రంగే. బ్లేడుతో పోగుల మీద గీశాడు. ఒకదాని లోపల వెండిలా తెల్లగా మెరిసింది. "లోపల అల్యూమినియం, పైన రాగి పూత. సస్తా ఉంటది, వేడెక్కుతది" అన్నాడు. యాంప్‌కి బ్యాటరీ నుంచి వచ్చే వైరు అసలు రాగిదే ఉండాలట, ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలట. ఎక్కడైనా వైరు ఒరుసుకుని బాడీకి తగిలితే మంట రాకుండా కాపాడేది ఆ ఫ్యూజే. మీరు స్టీరియో కొనకపోయినా సరే, ఆ గల్లీలో ఒక పూట తిరగండి.

సాయంత్రం చిక్కడపల్లి. నగర కేంద్ర గ్రంథాలయం ముందు నుంచి నడిచాం. లోపల కుర్చీలు నిండిపోయి బయట చెట్ల కింద కూడా చదువుకుంటున్నారు. అంత రద్దీ రోడ్డు పక్కన అన్ని వందల మంది నోరు మెదపకుండా కూర్చోవడం చూసి గౌరవం కలిగింది. అక్కణ్నుంచి త్యాగరాయ గానసభకి. కళా సుబ్బారావు కళావేదికలో ఒక కుర్రగాయని కచేరీ, టికెట్టు లేదు. నేను ముందు వరసలోకి పోబోతుంటే పక్కనున్న పెద్దాయన ఆపారు. "అక్కడొద్దమ్మా. మధ్యలో కూర్చో. స్పీకర్లు కాదు, పాట వినిపిస్తుంది."

ఆయన పక్కనే కూర్చుని నేను మృదంగం ఎడమ వైపే విన్నాను. ఆ మంద్రం మొదలవుతుంది, నిండుగా ఉంటుంది, చెయ్యి ఆపగానే ఆగిపోతుంది. సాగదు, పక్క గొంతుని మింగదు. కారు బేస్‌లో నేను కోరుకుంటున్నది ఇదేనని అప్పుడు స్పష్టమైంది. మధ్యలో కూర్చోమన్న మాట కూడా కారుకి పనికొచ్చింది. కారులో ఎవరమూ మధ్యలో కూర్చోం కదా. డ్రైవరుకి కుడి స్పీకరు దగ్గర, ఎడమది దూరం. ధ్వని మిల్లీ సెకనుకి 34 సెంటీమీటర్లు నడుస్తుంది కాబట్టి కుడివైపు పాట కొంచెం ముందే చేరి, గాయని డోర్ హ్యాండిల్ దగ్గర నిలబడి పాడుతున్నట్టు ఉంటుంది. డీఎస్పీ, అంటే డిజిటల్‌గా ధ్వనిని సరిచేసే చిప్, ఉన్న స్టీరియోలో టైమ్ అలైన్‌మెంట్ అనే ఏర్పాటుంటుంది. దగ్గరి స్పీకర్ని ఒకటి రెండు మిల్లీ సెకన్లు ఆపుతుంది, గాయని మధ్యలోకి వచ్చేస్తుంది. స్క్రీన్ ఎన్ని అంగుళాలనే దానికన్నా ఇది ఉందా లేదా అన్నదే నేను అడగబోయే ప్రశ్న.

మర్నాడు మళ్లీ షాపుకి వెళ్లి మెకానిక్‌తో కూర్చుని లెక్క రాశాం. ముందు తలుపులు రెండిటికీ డ్యాంపింగ్, వాటిలో మంచి కాంపోనెంట్ జత. వెనక తలుపుల్ని ముట్టుకోం, అక్కడ పెట్టే డబ్బు ముందుకే. ఆ తర్వాత డీఎస్పీ ఉన్న డబుల్ డిన్ స్టీరియో. స్విఫ్ట్‌లో కంపెనీ స్టీరియో ఆకారం వేరు కాబట్టి దానికి ఫ్రేమూ, కప్లరూ కావాలి. కంపెనీ వైరు ఒక్కటి కూడా కొయ్యకూడదని గట్టిగా రాయించాను. సీటు కింద చిన్న నాలుగు చానెళ్ల యాంప్ వచ్చే ఏడాదికి. డిక్కీ మాత్రం ఇవ్వను. తెనాలి నుంచి బియ్యం బస్తా, మామిడికాయలు వచ్చేది అందులోనే. బేస్ చాలకపోతే సీటు కింద పట్టే సబ్‌ఊఫర్ ఉందన్నాడు.

మీరూ వెళ్తే పెన్‌డ్రైవ్‌లో మీకు కంఠతా వచ్చిన పాటలు తీసుకెళ్లండి. షాపువాళ్ల పాటలో ఏ స్పీకరైనా బాగుంటుంది. వినేటప్పుడు తలుపులన్నీ మూసి, ఇంజిను స్టార్ట్ చేసి వినండి. ఆల్టర్నేటర్ కూత ఉంటే అప్పుడే బయటపడుతుంది. తలుపుల పని ఒక పూటలో అయ్యేది కాదు, పొద్దున బండి అప్పగిస్తే రాత్రికి ఇస్తారు. ఆ మధ్యలో కోఠీ ఉంది, సాయంత్రం గానసభ ఉంది, ఆకలేస్తే క్రాస్‌రోడ్స్ ఉంది. నా బండి అపాయింట్‌మెంట్ సంక్రాంతి వెళ్లాక. తమ్ముడి పరీక్ష కూడా అప్పటికి అయిపోతుంది, తలుపు ప్యాడ్ ఊడదీసేటప్పుడు టార్చి పట్టుకుంటానని ఇప్పుడే మాటిచ్చాడు.