అందినంత మేరకే కర్తవ్యం

బొంతలు కుట్టే లాంగార్మ్ యంత్రాన్ని అభ్యసింపబూనిన ఆమెకు మొదటి వారమే ధైర్యం సడలింది. ఇంటి కుట్టుమిషనుపై వస్త్రం కదులుతుంది. ఇక్కడ వస్త్రం చట్రంపై నిశ్చలం, యంత్రమే పట్టాలపై సంచరిస్తుంది. పైదారం, అడుగుదారం బిగువులు సమమై, వాటి ముడి నడిమి దూదిపొరలో దాగాలి. కుట్టవలసినదో, దివంగత మాతృమూర్తి ముక్కలు కూర్చి అసంపూర్ణంగా విడిచిన వస్త్రం; తన చేతిలో అది చెడిపోవునేమోనని భయం.

ఆ చట్రమే ఆమెకు గురువైనది. యంత్రబాహువుకు అందినంత భాగమే ఎదుట ఉంటుంది. శేషం చుట్టలో ఉంటుంది. వ్యాకులత సమస్త వస్త్రాన్ని ఒక్కసారి తలచినందువల్ల కలిగినదే. కర్తవ్యం ఎదుటి భాగం మేరకే. ఆమె మొదట పాతగుడ్డపై నిత్యం కుట్టింది. పిదప ఫలచింత విడిచి తల్లి వస్త్రంపై ఒక వరుస కుట్టింది. చంచలమైన మనస్సుకు గీత ఆరవ అధ్యాయంలో భగవానుడు చెప్పిన ఉపాయాలూ అభ్యాసం, వైరాగ్యం అనే ఈ రెండే కదా!