దేవుడింట్లో పడక

ఇంగ్లండులో పాత చర్చిలను సెలవుల బసగా ఇస్తున్నారట, ఓ రాత్రి పడుకుని సరదాగా రాయండన్నారు సంపాదకులు. లెస్టర్‌లో ఉంటున్న పాపానికి పని నాకే పడింది. పక్కనే నార్తాంప్టన్‌షైర్‌లో ఓ చిన్న ఊరి చర్చి. లోపల మడతమంచాలు, టీ కెటిల్, బ్యాటరీ దీపాలు. హీటర్ లేదు. నాకంటే ముందొచ్చిన జంట వైఫై గురించి వాదిస్తుంటే విసుగేసి బయటికొచ్చేశాను.

దక్షిణం గోడ దగ్గర ఓ పెద్దాయన రాళ్ల సందుల్లోంచి సిమెంటు తవ్వుతున్నాడు. సుత్తి ఎత్తి కొట్టడు. ఉలిని మెల్లగా తట్టి, ఊడినంత ఊడదీసి, బొటనవేలితో సందంతా తడిమి చూస్తాడు. గట్టిగా ఉంటుందని ఎవరో ఒకప్పుడు సిమెంటు కూరారట. లోపలి చెమ్మ సందుల్లోంచి పోలేక రాతిలోంచే దారి చేసుకుంది. రాయి పెచ్చులుపెచ్చులుగా రాలుతోంది. ఆయన సందును నీళ్లతో తడిపి, సున్నమూ ఇసుకా కలిపిన ముద్దను సన్నటి తాపీతో పొరపొరగా అదిమి, పైన తడిగోనె కప్పాడు. తొందరపడి ఆరితే పొడైపోతుంది, మంచు పట్టినా పోతుంది.

"వచ్చినవాళ్లంతా పైకప్పు ఫొటో తీసుకుంటారు. గోడ వంక చూసినవాళ్లు లేరు" అన్నాడు, తల తిప్పకుండానే. పక్కన అందించే కుర్రాడు కూడా లేడు.

ఈ బస పద్ధతి 2014లో ఈ కౌంటీలోనే, డ్రైడెన్ కవి పుట్టిన ఆల్డ్‌వింకిల్‌లో మొదలైంది. వాడుక తగ్గిన 350కి పైగా చర్చిల ఆలనాపాలనా చూసే చర్చెస్ కన్జర్వేషన్ ట్రస్టు ఆలోచన అది. పడక డబ్బు చర్చిల బాగోగులకే. ఇందులో అపచారం నాకేమీ కనిపించలేదు. క్షేత్రానికి వెళ్తే ఓ రాత్రి నిద్ర చేసి రమ్మని మన అమ్మమ్మలు పంపలేదా? మండపం రాతినేల మీద, మూటే తలగడగా పడుకోలేదా?

నా కోపం వేరే. మన దగ్గర డంగు సున్నం ఆడించే గానుగ ఇప్పుడు ఎన్ని ఊళ్లలో కనిపిస్తుంది? జీర్ణోద్ధారణ అనగానే ప్రాకారానికి సిమెంటు పూత, గోపురానికి ఎనామెల్ రంగు, పాలరాతి మీద దాత పేరు. కొత్త విగ్రహం చెక్కిన శిల్పికి శాలువా కప్పుతాం, మంచిదే. పాత గోడ సందుల్లో సున్నం అదిమే మేస్త్రీకి మాత్రం కూలీ ఇచ్చేటప్పుడు కూడా బేరమాడతాం. ఆ పని ఎవరి కొడుకు నేర్చుకుంటాడు?