బఫలోలో ఒక రావుగారు

న్యూజెర్సీలో మా ఎడిసన్ వైపు తెలుగువాళ్ళం సంతాప సభలు బాగా చేస్తాం. ఎగతాళికి అనడం లేదు. ఇండియాలో పెద్దవాళ్ళెవరైనా పోయారంటే ఆ కబురు మాకు చాలాసార్లు వేళకాని వేళే వస్తుంది. గాయకుడు ఎస్పీ బాలుగారు 2020 సెప్టెంబర్ 25న చెన్నైలో మధ్యాహ్నం ఒంటిగంట దాటాక కన్నుమూశారు. ఇక్కడప్పుడు తెల్లవారుజాము మూడున్నర. లేచి ఫోను చూసేసరికి ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ ఆయనే. కోవిడ్ రోజులు కాబట్టి ఆ వారాంతం సభ జూమ్‌లో పెట్టుకున్నాం. మామూలు రోజులైతే ఏ రెస్టారెంటు బాంక్వెట్ హాలో, గుడి బేస్‌మెంటో దొరుకుతుంది. ఫొటోకి దండ, కాసేపు మౌనం, ఆ తరవాత మైకు దొరికినవాళ్ళందరూ తలో పాట, చివర్లో ఉప్మా, టీ. బరువుగా వచ్చినవాళ్ళు కాస్త తేలికపడి వెళతారు.

2023 ఫిబ్రవరి 2న దర్శకుడు కె. విశ్వనాథ్ గారు పోయినప్పుడూ అంతే. ‘శంకరాభరణం’ 1980లో సరిగ్గా అదే తేదీన విడుదలైందన్న సంగతి ఎన్ని గ్రూపుల నుంచి ఎన్నిసార్లు వచ్చిందో! రెండు రోజులు తిరిగేసరికి, ఆ సినిమా పాటలకే జాతీయ అవార్డు అందుకున్న వాణీ జయరాం కూడా వెళ్ళిపోయారు. ఇద్దరికీ కలిపి ఒకే సభ చేశాం. పాటకి మాటలు తెలియనివాళ్ళు కూడా పల్లవి దగ్గర గొంతు కలిపారు.

అదే ఏడాది ఆగస్టులో మాత్రం ఈ పద్ధతి ఒకరి దగ్గర పనిచెయ్యలేదు.

ఆగస్టు 6న ప్రజాగాయకుడు గద్దర్ పోయారు. 1997లో దిగిన తూటాల్లో ఒకటి వెన్నులో ఉండగానే ఆయన పాతికేళ్ళు ఆడారు, పాడారు. హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో జనం పోటెత్తిన వీడియోలు చూస్తూ మావాళ్ళు ఇక్కడ గొంగళి, కర్ర, డప్పు సంపాదించుకుని సభ చేశారు. ఆయన రాజకీయాలు గిట్టనివాళ్ళు కూడా వచ్చి వెనక వరసలో కూర్చుని కాలు ఆడించారు. పాటకి ఉన్న బలం అది.

ఆగస్టు 22న ఇంకొకరు పోయారు. ఈసారి కబురు అటునుంచి ఇటు రాలేదు, ఇటునుంచే అటు వెళ్ళింది. న్యూయార్క్ రాష్ట్రంలోని బఫలోలో, నూటమూడో పుట్టినరోజుకి మూడు వారాలైనా లేదనగా, కల్యంపూడి రాధాకృష్ణారావు గారు కన్నుమూశారు. ప్రపంచానికి సి.ఆర్. రావు. స్టాటిస్టిక్స్ ఏ దేశంలో ఏ భాషలో చదివినా, చదివేది సరిగా రాసిన పుస్తకమైతే, తప్పకుండా ఎదురయ్యే తెలుగు పేరు. మర్నాడు మాకు పొద్దున ఎనిమిదిన్నరకి, అంటే అక్కడ సాయంత్రం ఆరు దాటగానే, చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగింది. ఆ రోజంతా అదే సంబరం. సంబరపడాల్సిన సంగతే. ఆ హడావుడిలో మా గ్రూపుల్లోకి రావుగారి కబురు ఒకటీ అరా వచ్చి, చేతులు జోడించిన బొమ్మలు నాలుగు అందుకుని, పైకి వెళ్ళిపోయింది. సభ మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తినా మైకు పట్టుకుని ఏం పాడతాం?

నా ఉద్యోగం క్లినికల్ ట్రయల్స్‌లో లెక్కలు చూడటం. కొత్త మందు పనిచేస్తోందో లేదో తేల్చడానికి ఎంతమంది రోగులు కావాలి, వచ్చిన ఫలితాన్ని ఎంతవరకు నమ్మొచ్చు, ఇదే రోజూ గొడవ. న్యూజెర్సీ ఫార్మా కంపెనీల్లో ఈ పనిలో ఉన్న తెలుగువాళ్ళని లెక్కపెట్టడం కష్టం. ఎమ్మెస్సీ చేసి వచ్చినవాళ్ళు కొందరు, ఇక్కడికొచ్చాక సాస్ ప్రోగ్రామింగ్ నేర్చుకుని దిగినవాళ్ళు ఇంకెందరో. మన ఇళ్ళలో ఇన్ని ఈఎమ్ఐలు కట్టిన శాస్త్రానికి పునాదులు వేసినవాళ్ళలో ఒకరు మనవాడే అన్నది వీళ్ళలో చాలామందికి కొత్త కబురు. మా టీమ్‌లో నల్లగొండ కుర్రాడొకడు ఆ మధ్యాహ్నం నా దగ్గరికొచ్చాడు. “అన్నా, గచ్చిబౌలి కాడ సి.ఆర్. రావు రోడ్ ఉంటది గదా, గా సారేనా?” అన్నాడు. అవునన్నాను. “గా రోడ్డు మీదికెళ్ళి రెండేండ్లు రోజూ ఆఫీసుకు పోయిన. రోడ్డుకు పేరు పెట్టిన్రంటే ఎన్నడో కాలం జేసిన మనిషనుకున్న” అన్నాడు. వాడి తప్పేం లేదు. బతికున్న పండితుడి పేరు రోడ్డుకి పెట్టడం మన దగ్గర అరుదే. ఆ రోడ్డు పక్కనే, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో, ఆయన పేరుతో పెద్ద గణిత పరిశోధన సంస్థ కూడా ఉంది.

ఆయన పుట్టింది 1920 సెప్టెంబర్ 10న, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ బళ్ళారి జిల్లా హడగళిలో. ఎనిమిదో సంతానం కాబట్టి కృష్ణుడి పేరు పెట్టారు. తండ్రి పోలీసు ఇన్‌స్పెక్టర్. బదిలీ అయినచోటల్లా బడి మారింది: గూడూరు, నూజివీడు, నందిగామ, చివరికి విశాఖపట్నం. తెల్లవారుజామున నాలుగింటికి లేపి, నూనె దీపం వెలిగించి చదువుకోమనే అమ్మని ఆయన పెద్దయ్యాక కూడా మర్చిపోలేదు. చదువు మీద ఆకలి పుట్టించింది ఆవిడేనని రాసుకున్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదివాక సైన్యంలో గణితం తెలిసినవాళ్ళు కావాలంటే ఇంటర్వ్యూకి కలకత్తా వెళ్ళారు. ఉద్యోగం రాలేదు. కానీ బస చేసిన హోటల్లో, స్టాటిస్టిక్స్‌లో శిక్షణకి వచ్చిన ఒకాయన పరిచయమయ్యాడు. ఆయన వెంట వెళ్ళి స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త మహలనోబిస్ నడుపుతున్న ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ చూశారు. 1941లో అక్కడే చేరిపోయారు. దాదాపు నలభై ఏళ్ళు అదే ఆయన ఇల్లు.

ఇంతకీ ఆయన చేసిందేమిటి? సభలో పాడటానికి పాట లేనప్పుడు కనీసం ఇది చెప్పుకోగలగాలి.

అన్నం ఉడికిందో లేదో చూడటానికి మన ఇళ్ళలో గిన్నెంతా కెలకరు. మెతుకు పట్టి చూస్తారు. స్టాటిస్టిక్స్ అంతా ఆ మెతుకు మీదే నిలబడింది: కొద్దిమందిని చూసి అందరి సంగతీ చెప్పడం. అలా చెప్పే అంచనాలో కొంత తేడా తప్పదు. ఆ తేడా తగ్గించడానికి ఒకరొక పద్ధతి, ఇంకొకరొక పద్ధతి కనిపెడుతూ ఉంటారు. అటో ఇటో మొగ్గని అంచనా ఏదైనా సరే, ఎంత తెలివైనవాడు కట్టినా, దాని తేడా ఒక హద్దు కన్నా కిందికి దిగదని రావుగారు నిరూపించారు. ఆ హద్దు ఎక్కడుందో ముందే లెక్కకట్టి చెప్పొచ్చని కూడా చూపించారు. చేతిలో ఉన్న డేటాలో ఎంత సమాచారం ఉందన్నదే ఆ హద్దుని నిర్ణయిస్తుంది. మన పద్ధతి ఆ హద్దుని తాకిందా, ఇక వెతుకులాట ఆపెయ్యొచ్చు, అంతకన్నా మెరుగైనది ఎవరి దగ్గరా ఉండదు. ఇంకా దూరంగా ఉందా, బుర్రకి పని ఉన్నట్టే. స్వీడన్‌లో హరాల్డ్ క్రామెర్ కూడా విడిగా ఇదే ఫలితానికి వచ్చారు కాబట్టి దీన్ని క్రామెర్-రావు హద్దు అంటారు. రాడార్ సంకేతాలు చదివేవాళ్ళకీ ఇది కావాలి, ఎమ్మారై బొమ్మల్లో కొలతలు తీసేవాళ్ళకీ కావాలి, మా మందుల లెక్కలకీ దీని వెనకున్న ఆలోచనే ఆధారం.

ఇది పుట్టిన తీరు మరీ బాగుంటుంది. రావుగారు కలకత్తాలో పాఠం చెబుతూ, ఇంగ్లండ్ మహాశాస్త్రవేత్త ఫిషర్ నిరూపించిన ఒక ఫలితం గురించి వివరిస్తున్నారట. డేటా చాలా ఎక్కువగా ఉన్నప్పుడు పనిచేసే ఫలితం అది. డేటా తక్కువున్నప్పుడు కూడా ఇలాంటిది నిరూపించలేమా అని ఒక విద్యార్థి అడిగాడు. రావుగారి దగ్గర అప్పటికప్పుడు జవాబు లేదు. ఆ రాత్రంతా కూర్చుని లెక్క తేల్చి మర్నాడు క్లాసులో చెప్పారు. ఆ విద్యార్థి వి.ఎమ్. దండేకర్, తరవాతి కాలంలో మన దేశంలో పేదరికం మీద పేరుమోసిన పని చేసిన ఆర్థికవేత్త. ఆ జవాబు 1945లో కలకత్తా మేథమేటికల్ సొసైటీ బులెటిన్‌లో అచ్చయింది. అప్పటికి రావుగారికి పాతికేళ్ళు. అదే వ్యాసంలో, చేతికొచ్చిన మోటు అంచనాని పదునుపెట్టే ఉపాయం ఒకటి ఉంది, దాన్ని రావు-బ్లాక్‌వెల్ అంటారు. సంభావ్యతల మధ్య దూరాన్ని జ్యామితిలా కొలిచే ఆలోచన కూడా అందులోనే ఉంది, దాని మీద ఇప్పుడు ఒక శాస్త్ర శాఖే నడుస్తోంది. ఎవరికైనా ఈ మూడిట్లో ఒక్కటి చాలు, జీవితానికి.

ఆ మరుసటి ఏడు కేంబ్రిడ్జ్ వెళ్ళి, మ్యూజియంలో సూడాన్ నుంచి తెచ్చిన పురాతన ఎముకల కొలతలు విశ్లేషిస్తూనే ఫిషర్ దగ్గర 1948లో పిహెచ్.డి. చేసి కలకత్తా తిరిగొచ్చారు. ఆయన దగ్గర పిహెచ్.డి. చేసిన శ్రీనివాస వరదన్‌కి 2007లో ఆబెల్ బహుమతి వచ్చింది.

అందరూ రిటైరయ్యే వయసులో ఆయన అమెరికా వచ్చారు. ముందు పిట్స్‌బర్గ్, 1988 నుంచి పెన్ స్టేట్. ఎనభై ఏళ్ళు దాటేదాకా పాఠాలు చెప్పారు. 2001లో పద్మవిభూషణ్, 2002లో అమెరికా ప్రభుత్వం ఇచ్చే నేషనల్ మెడల్ ఆఫ్ సైన్స్ వచ్చాయి. చివరి ఏళ్ళు బఫలోలో ఉంటూ అక్కడి యూనివర్సిటీలో రీసెర్చ్ ప్రొఫెసర్‌గా కొనసాగారు. స్టాటిస్టిక్స్‌లో నోబెల్ అంతటిదని చెప్పుకునే అంతర్జాతీయ బహుమతిని 2023 ఏప్రిల్‌లో ఆయనకి ప్రకటించారు. డెబ్బై ఎనిమిదేళ్ళ కిందటి వ్యాసానికి అందిన గౌరవం అది. అది చూసుకుని ఆగస్టులో వెళ్ళిపోయారు.

బఫలో అంటే మనకి తెలియని ఊరా? నయాగరా చూపించకుండా అమ్మానాన్నల్ని వెనక్కి పంపిన తెలుగువాడు ఈ తూర్పు తీరంలో ఉండడు. పులిహోర కట్టుకుని, ఆరేడు గంటలు కారు నడిపి, బఫలో దాటి జలపాతం దగ్గర దిగుతాం. నీలం ప్లాస్టిక్ కోటు తొడిగి వాళ్ళకి ఫొటోలు తీస్తాం. దారిలో ఏ గుడి ఉంది, ఏ హోటల్లో దోసె బాగుంటుంది అన్నీ అడిగి తెలుసుకుంటాం. ఆ ఊళ్ళో ఇలాంటి మనిషొకరు ఉన్నారన్నది మన దారి పటాల్లో ఎప్పుడూ లేదు. ఒక పాట లక్షల ఇళ్ళలోకి తలుపు తట్టకుండా వస్తుంది. ఒక సిద్ధాంతం మందుబిళ్ళ లోపల, ఫోను లోపల పనిచేస్తూ కూడా తన పేరు చెప్పుకోదు. కాబట్టి పాటగాడు పోతే మనకి తెలిసినవాడు పోయినట్టుంటుంది, ఇలాంటివారు పోతే పేపర్లో వార్త చదివినట్టుంటుంది. ఇందులో ఎవరినీ నిందించాల్సింది లేదు. అయితే సిద్ధాంతకర్తకి పువ్వులు, మౌనం సరిపోవు. ఆయన చేసిన పని ఇంకొకరికి అర్థమైతేనే ఆయన్ని తలుచుకున్నట్టు.

ఆ సెప్టెంబర్‌లో ఈ పనిలో ఉన్నవాళ్ళం కొందరం లైబ్రరీలో గది తీసుకున్నాం. దండ లేదు, ఫొటో లేదు. గుంటూరులో స్టాటిస్టిక్స్ లెక్చరర్‌గా రిటైరై కొడుకు దగ్గరికొచ్చిన పెద్దాయన ఒకరు తెల్లబోర్డు దగ్గర నిలబడి దండేకర్ ప్రశ్న వేశారు, జవాబు మాచేతనే లాగించారు. స్కూలు పిల్లలు కూడా ఉన్నారు. వాళ్ళలో ఒకమ్మాయి లేచి, “తాతగారూ, ఆ రాత్రి జవాబు రాకపోతే?” అని అడిగింది. “రాలేదని చెప్పేవారమ్మా. తెలీదని ముందురోజే ఒప్పుకున్నారుగా” అన్నారాయన. గదిలో అందరికన్నా ఎక్కువ నవ్వింది ఆ నల్లగొండ కుర్రాడు.

బయటికొచ్చాక పార్కింగ్‌లో తేలిన విషయం ఏమిటంటే, ఆ పెద్దాయన అప్పటికి మూడు నెలలుగా మా కాలనీలోనే ఉంటున్నారు, అందరం “అంకుల్, భోజనమైందా?” అని పలకరిస్తూనే ఉన్నాం, ఏం చేసేవారని ఒక్కరూ అడగలేదు. ప్రతి వేసవికీ మన ఇళ్ళకి ఇలాంటివాళ్ళు వస్తారు. కాలవలు తవ్వించిన ఇంజినీర్లు, వరి వంగడాలు తీసినవాళ్ళు, వీధిబడుల్లో లెక్కలు చెప్పినవాళ్ళు వస్తారు. ఆర్నెల్లు ఉండి, చలి మొదలవగానే వెళ్ళిపోతారు. ఇప్పుడు నెలకో ఆదివారం వాళ్ళలో ఒకరికి ఆ గది, ఆ తెల్లబోర్డు అప్పగిస్తున్నాం. నియమం ఒక్కటే: మీరు చేసిన పని పదో క్లాసు పిల్లలకి అర్థమయ్యేలా చెప్పాలి. సన్మానాలు, శాలువాలు ఉండవు. ఉప్మా మాత్రం ఉంటుంది.