వెల, విలువ

మనిషి వాడుకునే వస్తువులలో అధిక భాగం వాడిన కొద్దీ వెల కోల్పోతాయి. బండి గాని, బట్ట గాని, బల్ల గాని కొన్న మర్నాటికే పాతదనిపించుకుంటుంది. సంగీత వాద్యాలలో కొన్ని మాత్రం ఈ నియమానికి లొంగవు. మేలైన కర్రతో, నిపుణుడైన శిల్పి చేతిలో రూపు దిద్దుకున్న వాద్యం ఏళ్లు గడిచిన కొద్దీ అరుదైనదవుతుంది. అరుదైన కొద్దీ దాని వెల పెరుగుతుంది. ఐరోపాలోను, అమెరికాలోను ఇటువంటి పాత వాద్యాలను కొని అమ్మడం ఒక ప్రత్యేక వర్తకంగా వర్ధిల్లుతున్నది. ప్రజల చేతిలో డబ్బు ఆడుతున్న రోజులలో ఈ దుకాణాలు పెళ్లివారి ఇళ్లలా కళకళలాడతాయి. ఆర్థిక మాంద్యం వచ్చినప్పుడు మాత్రం వాటి అసలు సంగతి బయటపడుతుంది. వెల అంటే ఏమిటి, దానిని నిర్ణయించేది ఎవరు అనే ప్రశ్నలకు కలిమి కాలంలో దొరకని సమాధానం లేమి కాలంలో దొరుకుతుంది.

ఈ వర్తకంలో పెద్దపీట వయొలిన్‌ది. ఇటలీలోని క్రెమోనా పట్టణంలో జీవించి 1737లో కన్నుమూసిన ఆంటోనియో స్ట్రాడివరి చేసిన వాద్యాలలో నేటికి మిగిలినవి సుమారు 650 మాత్రమే. వయొలిన్ తెలుగువారికి పరాయిది కాదు. పాశ్చాత్యుల వెంట ఈ దేశానికి వచ్చి, ఫిడేలు అన్న పేరుతో కర్ణాటక సంగీతంలో ఒదిగిపోయింది. విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడు (1893-1964) దానికి తెలుగునాట గొప్ప ప్రతిష్ఠ తెచ్చారు. అయితే ఒక తేడా ఉన్నది. ఫిడేలు అనగానే మనకు గుర్తుకు వచ్చేది దానిని వాయించిన విద్వాంసుని పేరు. ఐరోపా వర్తకునికి ముఖ్యమైనది దానిని చేసిన శిల్పి పేరు.

ఆ పేరును వాద్యానికి జోడించే అధికారం వర్తకుని చేతికి ఎలా వచ్చింది? పంతొమ్మిదో శతాబ్దంలో లుయీజీ తరీజియో అనే వ్యక్తి ఇటలీలో పాత ఫిడేళ్లను వెతికి సేకరించి పారిస్‌కు తీసుకువెళ్లి అమ్మేవాడు. ఆయన 1854లో మరణించాడు. మరుసటి ఏడు పారిస్ వర్తకుడు, స్వయంగా వాద్యశిల్పి అయిన వ్యూయోమ్ హుటాహుటిన ఇటలీకి వెళ్లి, తరీజియో వారసుల నుంచి ఆ నిధినంతా కొన్నాడు. స్ట్రాడివరి 1716లో చేసిన ‘మెస్సయ్య’ అనే వయొలిన్ అందులోనిదే. అది ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ మ్యూజియంలో ఉన్నది. పాత వాద్యం లోపల అంటించిన చీటీని నమ్మడానికి వీలులేదు. అటువంటి చీటీలను ఎవరైనా అచ్చు వేయించవచ్చు. అందువల్ల కర్రను, వార్నిష్‌ను, చెక్కడపు తీరును పరిశీలించి ‘ఇది ఫలానా వారి చేతిపని’ అని వర్తకుడు ఇచ్చే ధ్రువపత్రమే ప్రమాణమైంది. రత్నపరీక్షకుని మాటకు ప్రాచీన కాలంలో ఉన్న గౌరవం వంటిదే ఇది. రత్నపరీక్షకుడే రత్నాలు అమ్మేవాడు కూడా అయితే వచ్చే చిక్కు ఇందులోను ఉన్నది.

అమెరికాలో ఇదే స్థానం గిటారుకు దక్కింది. గిబ్సన్ కంపెనీ 1958 నుంచి 1960 వరకు సూర్యాస్తమయపు రంగులు పూసిన లెస్ పాల్ రకం గిటార్లను తయారుచేసింది. అప్పట్లో వాటి ధర 300 డాలర్లకు లోపే. అయినా అవి ఆశించినట్టు అమ్ముడుపోలేదు. కంపెనీ వాటిని మానివేసి కొత్త ఆకృతికి మారింది. మరి కొన్నేళ్లకు ఎరిక్ క్లాప్టన్ వంటి బ్రిటిష్ వాద్యకారులు ఆ గిటారునే చేపట్టి దాని నాదాన్ని లోకానికి వినిపించారు. అప్పుడు వెతుకులాట మొదలైంది. జార్జ్ గ్రూన్ వంటివారు పాత గిటార్ల కోసమే దుకాణాలు తెరిచారు. ఆయన నాష్‌విల్‌లో 1970లో ఆరంభించిన దుకాణం ఈ వర్తకానికి ఆద్యమైనవాటిలో ఒకటి. 2007 నాటికి మంచి స్థితిలో ఉన్న ఆ లెస్ పాల్ గిటారు ఒక్కొక్కటి లక్షల డాలర్లు పలికింది.

వెల అంతగా పెరగడానికి సంగీతం ఒక్కటే కారణం కాదు. యౌవనంలో ఆ గిటార్లను అద్దాల వెనుక చూసి కొనలేకపోయిన తరం వారికి యాభై ఏళ్లు వచ్చేసరికి చేతినిండా డబ్బు సమకూరింది. 2000 నుంచి 2002 వరకు అమెరికాలో షేర్ల ధరలు పడిపోవడంతో, చేతితో తాకగల వస్తువులో పెట్టుబడి పెట్టడం మేలని కొందరు తలచారు. ఆపైన బ్యాంకుల అప్పులు సులభంగా దొరికాయి. వాయించడానికి కాక దాచడానికి కొనేవారు పెరిగారు. నేడు కొన్నది రేపు ఎక్కువకు అమ్ముడుపోతుందన్న నమ్మకమే ఆ వెలలో ఒక భాగమైపోయింది.

2008 సెప్టెంబరు 15న లేమన్ బ్రదర్స్ సంస్థ దివాలా తీసింది. అమెరికాలో మొదలైన ఆర్థిక సంక్షోభం లోకమంతటా వ్యాపించింది. షేర్ల ధరలు గంటగంటకు పడిపోవడం అందరి కంట పడింది. పాత వాద్యాల దుకాణంలో అటువంటి దృశ్యం కనిపించలేదు. గోడకు వేలాడే గిటార్లకు తగిలించిన ధర చీటీలు మారలేదు. మారింది ఒక్కటే, కొనేవారు రావడం మానేశారు. ఒకే కంపెనీ షేర్లు అన్నీ ఒకటే గనుక వాటికి ఏ రోజు ధర ఆ రోజు తెలుస్తుంది. ఏ రెండు పాత వాద్యాలు ఒకటి కావు. ఒకదాని పగులు మరొకదానికి ఉండదు, ఒకదాని చరిత్ర మరొకదానికి రాదు. అందువల్ల ఈ బజారులో వెల పడిపోయే ముందు నిశ్శబ్దం ఆవరిస్తుంది. అడిగే ధరకు, ఇచ్చే ధరకు మధ్య అగాధం ఏర్పడుతుంది. చీటీ మీద రాసినది వర్తకుని ఆశ మాత్రమే. ఎవరైనా డబ్బు చెల్లించి వస్తువును ఇంటికి తీసుకువెళ్లినప్పుడే అది వెల అవుతుంది.

అటువంటప్పుడు వర్తకుడు ధర తగ్గించవచ్చు గదా అని తోస్తుంది. అది అనుకున్నంత సులభం కాదు. ఒక వర్తకుడు 2007లో ఒక గిటారును 10,000 డాలర్లకు కొని, 13,000 డాలర్ల చీటీ తగిలించాడనుకుందాం. 2009లో దానికి 8,000 డాలర్లకు మించి ఇచ్చేవారు లేరు. ఆ ధరకు అమ్మితే 2,000 డాలర్ల నష్టం అప్పటికప్పుడు ఖాయమవుతుంది. అంతటితో పోదు. అదే రకం గిటార్లు దుకాణంలో ఇంకా పది ఉంటే, వాటి వెల కూడా ఆ క్షణంలోనే తగ్గినట్టు లెక్క. ఆ సరకును చూసి అప్పు ఇచ్చిన బ్యాంకు కలవరపడుతుంది. అంతకు ముందు ఏడు 13,000 డాలర్లు చెల్లించిన పాత ఖాతాదారుడు తాను మోసపోయాననుకుంటాడు. అమ్మకుండా బిగబట్టుకుని కూర్చుంటే వడ్డీ, అద్దె, బీమా నెలనెలా హరిస్తూనే ఉంటాయి. ముందుకు వెళితే నుయ్యి, వెనక్కు వెళితే గొయ్యి అన్న సామెత ఇక్కడ అక్షరాలా సరిపోతుంది.

ఈ ఇరకాటం నుంచి బయటపడడానికి వర్తకులకు కొన్ని మార్గాలు ఉన్నాయి. చీటీ మార్చకుండానే నమ్మకమైన ఖాతాదారునికి లోపాయికారిగా తగ్గించి ఇవ్వడం ఒకటి. వాద్యానికి వాద్యం మార్చుకోవడం మరొకటి. ఇందులో డబ్బు చేతులు మారదు గనుక వెల పడిపోయిందని ఎవరూ ఒప్పుకోనక్కరలేదు. సొంత డబ్బుతో కొనడం తగ్గించి, ఇతరుల వాద్యాలను కమీషన్‌కు అమ్మిపెట్టడం మూడో మార్గం. ఇందులో లాభం స్వల్పం, అయితే నష్టభయమూ స్వల్పమే. మరమ్మతు పని తెలిసిన వర్తకునికి దానివల్ల రోజు గడిచిపోతుంది. కొత్త గిటారు కొనలేనివాడు పాత గిటారును బాగుచేయించుకోవడానికైనా వస్తాడు గదా!

మాంద్యం అన్ని వాద్యాలనూ ఒకే విధంగా దెబ్బ తీయదు. తిరిగి రంగు వేసినవి, భాగాలు మార్చినవి, సంఖ్యలో ఎక్కువగా ఉన్నవి ముందుగా వెల కోల్పోతాయి. అత్యున్నతమైనవి సాధారణంగా అమ్ముకోవలసిన అవసరం లేనివారి చేతిలో ఉంటాయి గనుక అవి బజారుకే రావు. 1721 నాటి ‘లేడీ బ్లంట్’ అనే స్ట్రాడివరి వయొలిన్ 1971లో లండన్ వేలంలో 84,000 పౌండ్లకు అమ్ముడుపోయింది. సంక్షోభం వచ్చి మూడేళ్లయినా గడవని 2011 జూన్‌లో అదే వయొలిన్ 98 లక్షల పౌండ్లు పలికింది. జపాన్‌కు చెందిన నిప్పన్ మ్యూజిక్ ఫౌండేషన్ ఆ దేశపు భూకంప బాధితుల సహాయార్థం దానిని అమ్మింది. ఇటువంటి ఉదాహరణ చూపి ‘పాత వాద్యానికి మాంద్యం లేదు’ అని చెప్పేవారు ఉన్నారు. ఆ మాటను జాగ్రత్తగా వినాలి. అమ్ముడుపోయిన వాద్యం వార్తకెక్కుతుంది. ఎవరూ కొనక మూలన పడి ఉన్న వాద్యం ఏ లెక్కలోకీ రాదు. గెలిచిన వాటిని మాత్రమే లెక్కించేవారికి ఓటమి ఎలా కనిపిస్తుంది?

అప్పుతో నడిచే వర్తకంలో మాట తప్పితే ఏమవుతుందో వియన్నాలో తేటతెల్లమైంది. డీట్‌మార్ మఖోల్డ్ ప్రపంచంలోని ప్రముఖ వయొలిన్ వర్తకులలో ఒకడిగా వెలిగాడు. ఒక కోటలో నివసించాడు. 2010లో ఆయన వ్యాపారం దివాలా తీసింది. స్ట్రాడివరి వాద్యాలని చెప్పి ఆయన బ్యాంకులో తాకట్టు పెట్టిన ఫిడేళ్లు అసలువి కావనీ, వాటి వెల స్వల్పమేననీ పరీక్షలో తేలింది. 2012 నవంబరులో వియన్నా న్యాయస్థానం ఆయనకు ఆరేళ్ల జైలు శిక్ష విధించింది. ఆ ఫిడేళ్లను పరీక్షించి వెల కట్టినది ఆయనే, వాటిపై అప్పు తీసుకున్నదీ ఆయనే. నలుగురి చేతిలో డబ్బు ఉన్నంత కాలం ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. మాంద్యం ఎండాకాలం వంటిది, చెరువులో నీరు ఇంకిన తరువాతనే అడుగున ఉన్న రాళ్లు కనిపిస్తాయి.

ఇంతకూ ఆ వెల నాదానికేనా? ఫ్రాన్సుకు చెందిన శాస్త్రవేత్త క్లాడియా ఫ్రిట్జ్, ఆమె సహచరులు 2012లో పారిస్ వద్ద ఒక ప్రయోగం చేశారు. పది మంది ప్రసిద్ధ వయొలిన్ విద్వాంసులకు ఆరు పాత ఇటలీ వాద్యాలను, ఆరు కొత్త వాద్యాలను ఇచ్చారు. ఏది ఏదో కంటికి కనిపించకుండా నల్లని అద్దాలు పెట్టారు. కచేరీ యాత్రకు ఏ వాద్యాన్ని ఎంచుకుంటారని అడిగితే పదిమందిలో ఆరుగురు కొత్తదానినే ఎంచుకున్నారు. దీనివల్ల పాత వాద్యాల గొప్పదనం అబద్ధమని అనుకోనక్కరలేదు. మూడు వందల ఏళ్ల క్రితపు శిల్పి చేతిపని, దానిని వాయించిన మహానుభావుల జ్ఞాపకం కూడా విలువైనవే. అయితే లక్షలు చెల్లించేవాడు తాను చెల్లిస్తున్నది దేనికో తెలుసుకుని చెల్లించాలి.

మాంద్యం వెలను తగ్గించడమే గాక, చిత్రంగా భావికాలపు అరుదుదనానికి బీజం కూడా వేస్తుంది. అమెరికాలోని మార్టిన్ కంపెనీ మహామాంద్యం రోజులలో, 1933లో, డి-45 అనే ఖరీదైన గిటారును మొదలుపెట్టింది. దేశమంతా తిండికి వెతుక్కుంటున్న ఆ కాలంలో దానిని కొనగలవారు ఎందరుంటారు? 1942లో నిలిపివేసే నాటికి తయారైనవి 91 మాత్రమే. నాడు కొనేవారు లేక తక్కువగా తయారైనందువల్లనే నేడు అవి అత్యంత వెలగల గిటార్లలో చేరాయి. మాంద్యం ప్రతిసారీ ఒకే దారిన నడవదు కూడా. 2020లో కరోనా మహమ్మారి వల్ల దేశదేశాల ఆర్థిక వ్యవస్థలు స్తంభించినా, ఇళ్లలో ఉండిపోయిన జనం గిటార్లు కొని నేర్చుకోవడం మొదలుపెట్టారు. గిరాకీ తగ్గకపోగా పెరిగింది.

ఈ ఎగుడుదిగుడులన్నింటిలో మారనిది ఒకటి ఉన్నది. 2007లో లక్షలు పలికిన గిటారు 2009లో అందులో కొంత భాగమే పలికినా, దాని కర్ర మారలేదు, తీగ మారలేదు, పలికే స్వరం మారలేదు. లాభం కోసం కొని పెట్టెలో దాచినవానికి అది నష్టం. వాయించడానికి కొన్నవానికి ఆ నష్టం అంటలేదు, ప్రతి సాయంకాలమూ ఆ వాద్యం వానికి ఇవ్వవలసినది ఇస్తూనే ఉన్నది. అంతవరకు దుకాణం గుమ్మం దగ్గరే ఆగిపోయిన పేద వాద్యకారులలో కొందరు మంచి వాద్యాన్ని అందుకోగలిగిందీ ఆ చెడ్డ రోజులలోనే. వెల బజారులో పుడుతుంది, బజారు మారితే మారుతుంది. విలువ వాడుకలో పుడుతుంది. ఈ రెండింటి తేడా తెలిసిన వర్తకుడు ఎంతటి మాంద్యంలోనైనా మాట నిలుపుకుంటాడు. అది తెలిసిన కొనుగోలుదారుడు వస్తువును ఎంచుకునేటప్పుడే దానిని ఎందుకు కొంటున్నాడో తనను తాను ప్రశ్నించుకుంటాడు.