అడగడం కూడా ఒక నిబంధనే

మేం ముగ్గురం. ఒకే ఏడాది కొండ దిగి టీటీసీ చదవడానికి వెళ్లాం. ఒకే మండలంలో పక్కపక్క ఊళ్లలో మాస్టార్లమయ్యాం. ఇప్పుడు ముగ్గురికీ నలభై దాటాయి. రాస్తున్నది ఒకరే అయినా మాట ముగ్గురిదీ, అందుకే 'మేం' అని రాస్తున్నాం.

నవంబరు నెల, ఒక సాయంత్రం. మా ఊళ్లో సిగ్నల్ దొరికేది ఊరి పైనున్న చింతచెట్టు దగ్గరే. అక్కడికి వెళ్లేసరికి ఫోన్‌లో నాలుగు ఫొటోలు వచ్చి ఉన్నాయి. పంపింది మా బడిలో అయిదో తరగతి దాకా చదివి, తర్వాత ఆశ్రమ పాఠశాలకి, అక్కడినుంచి పట్నంలో కంప్యూటర్ డిగ్రీకి వెళ్లిన అమ్మాయి. కింద ఒకే వాక్యం రాసింది: "మాస్టారూ, నేను ఇంటికి వచ్చేస్తున్నాను."

ఆ నాలుగు ఫొటోలు 'సిస్టమ్స్ అనాలిసిస్ అండ్ డిజైన్' అనే సబ్జెక్టుకి కాలేజీ ఇచ్చిన నిబంధనల కాగితాలు. సెమిస్టరు మొదటి రోజే అందరికీ పంచారట. అంతా ఇంగ్లీషు. ఆమె అది మడిచి పుస్తకంలో పెట్టింది. తీసి చదివింది నవంబరులో, నోటీసు బోర్డు మీద హాజరు తక్కువైనవాళ్ల జాబితాలో తన పేరు చూశాక.

ఆ మాట చదవగానే మాకు టీటీసీ రోజులు గుర్తొచ్చాయి. కొండ మీద నుంచి ఆ ఏడాది వెళ్లింది నిజానికి నలుగురం. నాలుగోవాడు మా అందరికంటే బాగా చదివేవాడు. తల్లికి జ్వరమొస్తే ఊరికి వెళ్లాడు. పొలం పని పడి అక్కడే నెల దాటింది. తిరిగొస్తే హాజరు చాలదన్నారు. ఎవర్ని అడగాలో అతనికి తెలియలేదు. ఎవరిని అడిగి పెట్టాలో మాకూ తెలియలేదు. పెట్టె సర్దుకుని బస్సెక్కాడు. ఇప్పుడు సంతలో సరుకు మోస్తాడు. కనిపిస్తే నవ్వుతాడు. ఆ నవ్వు మాకు కష్టంగానే ఉంటుంది.

అందుకే ఆ రాత్రి ముగ్గురం లాంతరు పెట్టుకుని, నిఘంటువు ముందేసుకుని ఆ నాలుగు పేజీలూ చదివాం. మాది తెలుగు మీడియం చదువు. ఒక్కో వాక్యానికి పది నిమిషాలు పట్టింది.

కాగితంలో ఉన్నవి ఇవీ. హాజరు 75 శాతం ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే, అనారోగ్యం కారణమైతే, డాక్టరు కాగితం చూపి, రుసుము కట్టి మినహాయింపు అడగొచ్చు. 65 కంటే తగ్గితే పరీక్ష లేదు. అసైన్‌మెంటు ఆలస్యమైతే రోజుకో మార్కు పోతుంది, కానీ వారం దాకా తీసుకుంటారు. ప్రాజెక్టు నలుగురు కలిసి చేయాలి. ఎవరు ఏ భాగం చేశారో రాసి సంతకం పెట్టాలి, అయినా వైవాలో అన్ని భాగాలకీ అందరూ జవాబు చెప్పాలి. కొనుక్కొచ్చిన ప్రాజెక్టుకి సున్నా. రోజూ సాయంత్రం మూడు నుంచి నాలుగు దాకా లెక్చరరు తన గదిలో ఉంటారు, ఎవరైనా వచ్చి అడగొచ్చు.

మర్నాడు ఫోన్ చేసి లెక్క వేయించాం. ఆ సబ్జెక్టుకి జరిగిన క్లాసులు 75. ఆమె వెళ్లినవి 51. అంటే 68 శాతం. మినహాయింపు అడిగే వీలుంది. శాతాలు ఆమెకి నేర్పింది మేమే. కానీ తన బతుక్కి సంబంధించిన శాతం తీయాలని ఆమెకి తోచలేదు.

పోయిన 24 క్లాసులు ఎక్కడ పోయాయో కూడా అడిగాం. మలేరియా వచ్చి ఇంటికొచ్చినప్పుడు 15. కొత్తల పండగకి వచ్చి, నాన్నకి పొలంలో సాయముండి పోయినవి 4. మిగిలిన 5 గురించి చాలాసేపు మాట్లాడలేదు. చివరికి చెప్పింది: "ఆలస్యమైన అసైన్‌మెంటు గురించి అందరి ముందూ అడుగుతారేమోనని సిగ్గేసి వెళ్లలేదు మాస్టారూ. హాస్టల్ గదిలోనే కూర్చున్నాను."

ఆ అయిదు క్లాసులే మమ్మల్ని కుదిపేశాయి. జ్వరం ఎవరికైనా వస్తుంది. పండగ మన పండగ. కానీ ఆ అయిదు రోజుల మౌనం ఆమెకి ఎక్కడ అలవాటైంది? మా దగ్గరే. మా బడిలో నోరెత్తని పిల్లని 'మంచి పిల్ల' అన్నాం. తనిఖీకి వచ్చిన అధికారి "మీ పిల్లలు ఎంత నిశ్శబ్దంగా ఉన్నారో" అంటే పొంగిపోయాం. తెలుగు సరిగా రాని పిల్ల ఇంటి భాషలో ఏదైనా అడిగితే పక్కపిల్లలు నవ్వారు, మేం ఆపలేదు. పదిహేనేళ్లు నోరు మూయించి పంపాం. ఇప్పుడు కాలేజీ కాగితం 'వచ్చి అడగండి' అంటే ఆమె ఎలా అడుగుతుంది?

"బస్సెక్కకు. మూడింటికి ఆ గదికి వెళ్లు" అన్నాం. ఏం మాట్లాడాలో ఫోన్‌లోనే రెండుసార్లు చెప్పించాం. జ్వరమప్పుడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రాసిచ్చిన చీటీ వాళ్లమ్మ రేకుపెట్టెలో బియ్యం కార్డు కింద దొరికింది. ఫొటో తీసి పంపి, అసలుది బస్సు డ్రైవరు చేతికిచ్చాం.

ఆమె వెళ్లింది. తలుపు దగ్గర కాసేపు నిలబడి లోపలికి వెళ్లిందట. లెక్చరరు చీటీ చూసి, "ఇది సెప్టెంబరులోనే ఎందుకు తేలేదమ్మా?" అని మాత్రం అడిగారట. తిట్టలేదు. జాలీ పడలేదు. దరఖాస్తు రాయించుకున్నారు. రుసుము మేం ముగ్గురం పంచుకున్నాం. అసైన్‌మెంటుకి గడువు దాటిపోయింది కనుక ఆ మార్కులు పోయాయి. అవి తిరిగి ఇవ్వమని మేమూ అడగలేదు, ఆమే అడగలేదు.

ఇంతకీ ఆ సబ్జెక్టు ఏమిటో మాకు తర్వాత అర్థమైంది. ఒక పనిని కంప్యూటరులోకి తెచ్చే ముందు, ఆ పని ఇప్పుడెలా జరుగుతోందో చూడాలి. చేసేవాళ్లని అడగాలి. వాళ్లకి ఏం కావాలో రాసుకోవాలి. అది సాధ్యమో కాదో, ఖర్చెంతో తేల్చాలి. ఆ తర్వాతే బొమ్మ గీయాలి, ప్రోగ్రాం రాయాలి. వాడకం మొదలయ్యాక మళ్లీ సరిచేస్తుండాలి. మొత్తం చదువుకి మొదటి మెట్టు అడగడమే. అడగలేని పిల్ల ఆ సబ్జెక్టు ఎలా పాసవుతుంది?

ప్రాజెక్టు దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. జట్టులో మిగతా ముగ్గురూ పట్నం పిల్లలు, లాప్‌టాప్‌లున్నవాళ్లు. ఈమెని టైపు చేయమన్నారు. ఒకరు రెడీమేడ్ ప్రాజెక్టు కొందామన్నారు. ఇక్కడ మేం ఒక మాట ఒప్పుకోవాలి. టీటీసీలో మేమూ సీనియర్ల రికార్డులు చూసి దించినవాళ్లమే. తర్వాత క్లాసులో పాఠం చెప్పబోతే ఆ దించిన పేజీలేవీ ఆదుకోలేదు. అది ఆమెకి చెప్పాం. అన్ని భాగాలకీ అందరూ జవాబు చెప్పాలన్న నిబంధనని ఆమె జట్టుకి చూపించింది. గొడవేం పడలేదు, కాగితం మీద వేలు పెట్టి చూపించిందంతే. ఆ ఒక్క వాక్యం ఆమెకి జట్టులో చోటిచ్చింది. రాసిపెట్టిన నిబంధన బలహీనుడికి చేతికర్ర కూడా అవుతుందని అప్పుడు తెలిసింది.

మా ఊరి మహిళా సంఘం రాజ్‌మా, వలిసెలు కొని అమ్మే లెక్కని ప్రాజెక్టుగా తీసుకున్నారు. సంక్రాంతి సెలవుల్లో ఆమె నోటుపుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. వాళ్ల నాయనమ్మని "కుంచానికి ఎన్ని కిలోలు?" అని అడిగింది. ముసలమ్మ నవ్వి, "ఎవరి కుంచం?" అంది. మనం అమ్మేటప్పుడు షావుకారు కుప్పగా పోయించుకుంటాడు. మనం కొనేటప్పుడు తలకొట్టి కొలుస్తాడు. కుంచం ఒకటే, లెక్కలు రెండు. పైగా వలిసెల కుంచం, రాజ్‌మా కుంచం ఒకే బరువు తూగవు.

ఆ సబ్జెక్టులో డేటా డిక్షనరీ అని ఒకటుంది. వాడే ప్రతి మాటకీ అర్థం ముందే ఖాయం చేసి రాసుకోవడం. కుంచం అని రాసి ఊరుకుంటే కంప్యూటరు కూడా షావుకారు వైపే మొగ్గుతుంది. అందుకని సరుకు పేరు, కొలత, తూకం మూడూ విడివిడిగా రాయాలని తేల్చింది. పట్నం పిల్లలకి ఆ సంగతి తట్టే అవకాశమే లేదు. అది ఏ షాపులోనూ దొరకదు.

మా బడి గచ్చు మీద సుద్దతో బొమ్మ గీసింది. పనికి సున్నా, సమాచారం కదిలే దారికి బాణం, లెక్క దాచే చోటికి రెండు గీతలు, బయటివాళ్లకి పెట్టె. ఈ పద్ధతిని బాగా ప్రచారంలోకి తెచ్చినవాటిలో 1978లో టామ్ డిమార్కో అనే అమెరికన్ రాసిన పుస్తకం ఒకటట. చుట్టూ మూగిన మా మూడో తరగతి పిల్లలకి మాత్రం అది ముగ్గులాగే కనిపించింది. సంఘంలోని ఆడవాళ్లు వంగి చూసి, "ఇక్కడ అప్పు తెచ్చినోళ్లని మర్చిపోయావే" అని ఒక బాణం కలిపించారు.

ఆ బొమ్మ చూస్తుంటే మాకు మరో ఆలోచన వచ్చింది. మన కొండల మీదకి ఎన్ని వ్యవస్థలు రాలేదు! వేలిముద్ర యంత్రం వచ్చింది. పసుపు తవ్వి, కట్టెలు కొట్టి అరిగిన వేళ్లని అది గుర్తుపట్టదు. సిగ్నల్ లేని ఊళ్లకి ఆన్‌లైన్ దరఖాస్తు వచ్చింది. ఇంటిపేరు ఒక కాగితంలో ఒకలా, మరో కాగితంలో మరోలా పడి పిల్లల ఉపకారవేతనాలు ఆగాయి. వీటిలో ఏదైనా చేసేముందు ఎవరైనా వచ్చి మన నాయనమ్మల్ని అడిగారా? అడిగే పిల్లలు మనలోంచి తయారైతేనే ఆ మార్పు వస్తుంది.

పట్టుదల ఎందుకంటే, మా దారి ఇప్పటి పిల్లలకి లేదు. 2000లో వచ్చిన జీవో 3 వల్ల ఏజెన్సీలో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే వచ్చేవి. మేం ముగ్గురం అలా ఉద్యోగంలోకి వచ్చినవాళ్లమే. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ జీవోని కొట్టేసింది. ఇక మన పిల్లలు అన్ని కాలేజీలకీ వెళ్లాలి, అక్కడి నిబంధనల మధ్యే నిలబడాలి.

ఆ నిబంధనలన్నీ న్యాయమైనవని మేం అనడం లేదు. ఇంటికి వెళ్లి రావడానికే రెండు రోజులు పట్టే పిల్ల ఉంటుందని, వానాకాలం జ్వరం మన దగ్గర మామూలని కాగితం రాసినవాళ్లు ఊహించలేదు. మొదటి రోజు తెలుగులో పది నిమిషాలు వివరించి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. అదీ అడగాల్సిందే. అయితే క్లాసులో ఉండి అడగాలి. బస్సెక్కి వచ్చేస్తే అడిగేదెవరు?

ఆమె ఆ సబ్జెక్టు పాసయింది. గొప్ప మార్కులేం కాదు. వైవాలో కుంచం గురించి అడిగితే ఇంగ్లీషు తడబడిందట, అయినా ఆపకుండా చెప్పిందట.

ఈ వేసవి నుంచి మేం ఒక పని మొదలుపెట్టాం. కాలేజీకి వెళ్లే పిల్లల్ని చింతచెట్టు కింద కూర్చోబెట్టి, పాత విద్యార్థుల నిబంధనల కాగితాలు చదివిస్తున్నాం. హాజరు శాతం నెలనెలా తీయడం, డాక్టరు చీటీ దాచడం, ఊరికి వెళ్లేముందు చెప్పి వెళ్లడం, మాస్టారి గది తలుపు తట్టి లోపలికి వెళ్లడం నేర్పుతున్నాం. మా చిన్న తరగతుల్లో రోజుకో ప్రశ్న అడగనిదే ఇంటి గంట కొట్టడం లేదు. ప్రశ్న ఏ భాషలో అడిగినా సరే.

తోటి మాస్టార్లూ, మీ బడిలోనూ నోరెత్తని మంచి పిల్ల ఒకతె ఉండే ఉంటుంది. రేపు ఆమె దగ్గర కాసేపు కూర్చోండి. తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీ చేతికిచ్చిన కాగితం మడిచి పెట్టకండి. అర్థం కాకపోతే మాకు పంపండి. చింతచెట్టు దగ్గర సాయంత్రం ఆరింటికి సిగ్నల్ ఉంటుంది.